శాంసన్ గారు దిండు కింద పెట్టిన కవరు

ఈ పొద్దున మా లేబర్ క్యాంపు స్నానాల గదుల ముందునుంచి వెళ్తుంటే ఎర్ర సబ్బు వాసన ముక్కుకు తగిలింది. ఆ వాసన వస్తే నాకు శాంసన్ గారు గుర్తొస్తారు. నర్సాపురం మనిషి, దోహాలో మా కంపెనీలో హాజరు రాసే టైమ్‌కీపర్. ప్రపంచకప్పు కోసం ఊరంతా తవ్విపోస్తున్న రోజుల్లో నా తొందరపాటు వల్లే స్కాఫోల్డింగ్ మీదినుంచి పడి తుంటి, కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. ఆసుపత్రి నుంచి తెచ్చి గదిలో పడుకోబెట్టారు. రెండు నెలలపాటు ఎవరో ఒకరు కడిగితే తప్ప గడవని బతుకు.

మా క్యాంపులో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరికి దెబ్బ తగిలినా తలా ఇంత చందా వేసుకుంటారు. ఆ డబ్బు పెద్దమనుషుల దగ్గర ఉంటుంది, దేనికి ఖర్చుపెట్టాలో వాళ్ళే తేలుస్తారు. నాకు పాలు, పండ్లు, చక్రాల కుర్చీ అని తేల్చారు. ఆ కుర్చీ స్నానాల గది తలుపులో పట్టదని ఒక్కరికీ తోచలేదు. స్నానానికి అల్లుడు ఉండనే ఉన్నాడన్నారు. నేనే వీసా ఇప్పించి తెచ్చుకున్న అల్లుడు. ఏడాది కిందట పెళ్ళిలో అతని కాళ్ళు కడిగాను. ఇప్పుడతను తల పక్కకు తిప్పుకుని నన్ను కడుగుతున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. తాగితే మళ్ళీ అతన్నే పిలవాలని నీళ్ళు తాగడం మానేశాను.

సెలవు రోజు శుక్రవారం, చర్చి అయ్యాక శాంసన్ గారు చూడటానికి వచ్చారు. ఎండిన నా పెదాలు చూసి, లేచి తలుపు మూశారు.

"నీకేం కావాలి మల్లయ్యా? వాళ్ళకి కాదు, నీకు."

పడ్డాక ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆయనే.

"అల్లునితోని కడిగించుకునుడు నాతోని కాదు సార్. పరాయోడైతే మంచిగుంటది," అన్నాను.

ఆయన నేరుగా పెద్దమనుషుల దగ్గరికి వెళ్ళారు. సొంత మనిషి ఉండగా డబ్బిచ్చి పరాయివాణ్ణి పెట్టుకోవడమేమిటని వాళ్ళు గొడవపడ్డారు. డబ్బు నా చేతికిస్తే పాడుచేస్తానని కూడా అన్నారు.

"ఆయనకి తుంటి విరిగింది గానీ బుర్ర బాగానే ఉందండీ," అని ఒప్పించి, శాంసన్ గారు ఆ డబ్బు కవరులో తెచ్చి నా దిండు కింద పెట్టారు.

పాలు మాన్పించాను. చక్రాల కుర్చీకి బదులు స్నానాల గదిలో పట్టే మామూలు ప్లాస్టిక్ కుర్చీ తెప్పించాను. పక్కగదిలో రాత్రి డ్యూటీ చేసే నేపాలీ బహదూర్‌ను పగలు గంటసేపు కుదుర్చుకున్నాను. "యల్లా చాచా" అని హుషారు చేస్తూ అతను ఎర్ర సబ్బు రుద్ది బకెట్లకు బకెట్లు కుమ్మరిస్తుంటే మొదటి రోజు హాయిగా ఏడ్చేశాను. ఆ సాయంత్రం అల్లుడు నా మంచం అంచున కూర్చుని చాయ్ తాగాడు. గ్లాసు కింద పెట్టి, "నాకు గూడ బరువు దిగింది మామా," అన్నాడు.

శాంసన్ గారు ప్రపంచకప్పు మొదలవకముందే నర్సాపురం వెళ్ళిపోయారు. నేనిప్పుడు స్టోరులో కూర్చుని చేసే పనిలో ఉన్నాను, క్యాంపు చందా కూడా నా దగ్గరే ఉంటుంది. మొన్న గంగాధర్ అనే అతనికి రెండు చేతులూ నలిగాయి. నా అనుభవం నాకుంది కదా, పరాయి మనిషిని కుదర్చడానికి బయల్దేరాను. సగం దారిలో నా మీద నాకే నవ్వొచ్చింది. వెనక్కి వచ్చి, తలుపు మూసి, నీకేం కావాలని అతన్నే అడిగాను.

"మా బామ్మర్దే కడగాలె అన్నా. వేరేటోళ్ళు వద్దు," అన్నాడు.

కవరు అతని దిండు కింద పెట్టి వచ్చాను.