హైకోర్టు కాగితం

గురజాలలో బస్సెక్కిన కానిస్టేబుల్ ఎదురు సీటు ముసలాయన ముందు ఆగగానే నాకు భయమేసింది. పిల్లల్ని దగ్గరికి లాక్కున్నాను.

కరాచీలో కొడుకును చూసి తిరిగొచ్చిన మాచర్ల సాయిబు ఆయన. పాకిస్తాన్ మనిషంటూ పోలీసులు ఆయన్ని దేశం దాటించకూడదని హైకోర్టు ఇచ్చిన తీర్పును, బస్సెక్కగానే నాచేత చదివించుకుని కళ్ళకద్దుకున్నాడు.

"ఏంది సాయిబూ, ఇంకా పోలా?" అన్నాడు కానిస్టేబుల్.

"హైకోర్టు ఉండమంది బాబూ. ఇదిగో కాయితం."

"అంతా ఇంగ్లీషేగా! ఎవరికన్నా వచ్చా?"

మా ఆయనది సర్కారు ఉద్యోగం. నేను కిటికీ అవతల నాపరాళ్ళ బండిని చూస్తూ కూర్చున్నాను. ముసలాయన నావైపు చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు.

"ఎవరికీ రాదులే బాబూ, పద," అని మూట తీసుకుని అతనితో దిగిపోయాడు.

మర్నాడు పొద్దున పిల్లలడిగారు, "నీకు ఇంగ్లీషొచ్చుగా అమ్మా?" అని.

రాదని చెప్పాను.