పొట్టి కర్ర

సంగీత భవనంలో అందరూ ఆయన్ని తోడు మాస్టారనే పిలుస్తారు. యూనివర్సిటీ ఇచ్చిన హోదా ఇంకేదో ఉంది గానీ అది పలకడానికి ఎవరికీ నోరు తిరగదు. పాడేవాళ్లకీ, వయొలిన్ వాళ్లకీ, ఫ్లూటు వాళ్లకీ పక్కన కూర్చుని పియానో వాయించడం ఆయన ఉద్యోగం. వాళ్లు పరిగెడితే తనూ పరిగెత్తాలి, ఆగితే ఆగాలి, కంగారులో ఒక వరుస మింగేస్తే తనూ మింగేసి ఏమీ ఎరగనట్టు కూర్చోవాలి. మంచి మార్కులొస్తే అది పిల్లల ప్రతిభ. రాకపోతే పియానో మోత ఎక్కువైందంటారు.

ఆయన రోజు సెల్లార్‌లోని సాధన గదుల్లో మొదలవుతుంది. తలుపుల అంచులకి అంటించిన రబ్బరు ఎప్పుడో ఊడిపోయింది. ఒక గదిలో ట్రంపెట్ అందుకుంటే పక్క గదిలో పాడే అమ్మాయి పంతానికి గొంతు పెంచుతుంది. కిటికీలు లేవు. తలుపుకి అరచెయ్యంత అద్దం మాత్రం ఉంటుంది, తర్వాతి వంతు వాళ్లు అందులోంచి తొంగి చూసి ముఖం చిట్లించడానికి. మధ్యాహ్నానికి ఆయన నడుం పట్టేస్తుంది. ఆ నడుంతోనే మెట్లెక్కి పెద్ద హాలుకి వెళ్లాలి.

హాల్లో వేదిక మీద ఉన్న పెద్ద పియానో మూతకి రెండు ఊతకర్రలుంటాయి. ముందు ఎవరైనా పాడుతుంటే పొట్టి కర్ర పెడతారు. మూత కొద్దిగానే తెరుచుకుని మోత అణిగి ఉంటుంది. పియానో ఒక్కటే మోగాల్సినప్పుడు పొడుగు కర్ర. ఏది పెట్టాలో వాయించేవాళ్ల ఇష్టం. వేదిక పనులు చూసే ఆయన్ని భవనమంతా బాబాయి అంటుంది. బాబాయి కుర్చీలు వేస్తాడు, తెర లాగుతాడు, మూత జోలికి మాత్రం పోడు. అది అక్కడి పద్ధతి. తోడు మాస్టారికి ఎప్పుడూ పొట్టి కర్రతోనే పని. పొడుగు దాంతో ఆయనకి ముఖపరిచయమే.

ఇంట్లో పియానో లేదు. వాళ్లది మేడమీది వాటా. కింది వాటాలో మనిషికి నిద్ర తక్కువ, కోపం ఎక్కువ. అందుకని మాస్టారు చిన్న కీబోర్డు కొనుక్కుని, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని వాయిస్తాడు. సంగీతమంతా ఆయన చెవుల్లోకే పోతుంది. ప్లాస్టిక్ మీటల టకటక మాత్రం భార్యకి మిగులుతుంది.

"నేను కూరలు తరిగినా ఇదే చప్పుడు. మరి నన్నెందుకు పిలవరో మీ యూనివర్సిటీ వాళ్లు," అనేది ఆవిడ.

కచేరీలకి వెళ్లకపోలేదు. వెళ్తే పాడేవాళ్ల వెనకాల ఆయన భుజం కనిపించేది. వినిపించిన దాంట్లో ఆయనదెంతో ఆవిడకి అంతుపట్టేది కాదు. మీరొక్కరే వాయిస్తే ఒక్కసారి వినాలని ఉందని ఏళ్ల తరబడి అడుగుతూనే ఉంది. పరీక్షలవనీ అని ఈయన దాటేస్తూనే ఉన్నాడు. ఆ భవనంలో పరీక్షలు అయిపోవడమనేది ఉండదు. ఈ ఏడు మాత్రం ఆవిడ అడగడం మానేసింది. అది చూసి ఈయనకి భయం వేసింది. వెళ్లి శాఖాధిపతిని అడిగితే, ఆయన తల కూడా ఎత్తకుండా ఖాళీగా ఉన్న ఒక ఆదివారం మధ్యాహ్నం పెద్ద హాలు ఇచ్చేశాడు.

ఆదివారం వచ్చింది. భార్య తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చి చివరి వరుసలో కూర్చుంది. ముందు వరుసలు పెద్దవాళ్లకని ఆవిడ అభిప్రాయం. పెద్దవాళ్లెవరూ రాలేదు. మాస్టారి దగ్గర సాధన చేసే పిల్లలు కొందరు మధ్యలో చెదురుమదురుగా కూర్చున్నారు. మాస్టారు వేదిక మీదికొచ్చి, వంగి నమస్కరించి, మూత ఎత్తి, పొట్టి కర్ర పెట్టి కూర్చున్నాడు. చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. ఆయనకి స్పృహే లేదు. వాయించడమూ అలాగే సాగింది. ఎవరి గొంతునో కప్పేస్తానేమోనని జంకుతున్నట్టు, మెత్తగా, ఒదిగి ఒదిగి. సగం అయ్యాక చప్పట్లు మర్యాదగా వినిపించాయి.

విరామంలో బావమరిది ఎదురొచ్చాడు.

"బావా, నిన్ను కళ్లారా చూశాం. చెవులారా వినడం ఇంకెప్పుడైనా పెట్టుకుందాం."

మాస్టారు భార్య వైపు చూశాడు. ఆవిడ నవ్వలేదు.

"ఇంట్లో టకటకైనా వినపడేదండీ," అంది.

మరీ అంత వెనక కూర్చుంటే ఎలాగని విసుక్కున్నాడు గానీ, ఆ మాట తనకే అతకలేదు. గోడకి చేరగిలబడి కాసేపు నడుం నొక్కుకున్నాడు. ఇంటికెళ్లి పడుకుంటే బాగుండుననిపించింది. ఈసారి దాటేస్తే ఆవిడ ఇంక అడగదనీ అనిపించింది. తిరిగి వేదిక ఎక్కుతుంటే తెర పక్కన స్టూలు మీద కూర్చున్న బాబాయి గొంతు సవరించుకున్నాడు.

"అడగొచ్చో లేదో గానీ మాస్టారూ, ఇవాళ పాడేదెవరు?"

మాస్టారు ఆగి అతని చూపు వెంబడే చూశాడు. మూత కొద్దిగానే తెరుచుకుని ఉంది. వెళ్లి పొట్టి కర్ర దించి, పొడుగు కర్ర నిలబెట్టాడు. అది బిగుసుకుపోయి ఉంది. రెండు చేతులూ పెట్టాల్సి వచ్చింది.

మొదటి మోతకి ఆయనే ఉలిక్కిపడ్డాడు. మధ్య వరుసల్లో వాలిపోయిన పిల్లలు నిటారుగా కూర్చున్నారు. ఇక దాచుకోవడానికి ఏమీ లేదు, దాక్కోవడానికి ముందు ఎవరూ లేరు. వారమంతా పిల్లల పాటలకి అరిగిన వేళ్లు ఒకచోట తడబడ్డాయి, ఆ తడబాటూ హాలంతా మోగింది. చివరి పాట మధ్యలో పాతలవాటు కొద్దీ ఎవరో ఊపిరి పీల్చి అందుకుంటారని ఆగిపోయాడు. ఎవరూ అందుకోలేదు. హాలు ఎదురుచూసింది. చేసేదిలేక తనే అందుకున్నాడు.

బస్సులో, బావమరిది తన స్టాపులో దిగిపోయాక భార్య అడిగింది.

"మధ్యలో ఒకచోట తప్పు పోయింది కదూ?"

"నీకెలా తెలుసు?"

"వినపడిందిగా."

మాస్టారు కిటికీ వైపు తిరిగాడు. ముఖంలోకి వచ్చిందేమిటో ఆవిడకి కనపడనివ్వలేదు.

"ఒక చోట కాదు, రెండు," అన్నాడు. "చివర్లో ఆగిపోలా?"

"అది తప్పా? నాకు అన్నిటికన్నా అదే నచ్చింది."

నడుం సలుపుతుంటే ఆయన సీట్లో కొంచెం కిందికి జారి కూర్చున్నాడు. రేపు పాట పరీక్షలు, పొద్దున్నే సెల్లార్‌లో ఉండాలి. ఆవిడ సంచీని ఒళ్లోకి లాక్కుని అడిగింది.

"రేపు పెందలాడే లేపమంటారా?"

"లేపు," అన్నాడు కళ్లు మూసుకుని.