నేనిచ్చిన రాగి వాషర్

నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా అన్న కూతురు రాస్తోంది. నా మాటలు సర్దొద్దన్నాను, సర్దుతూనే ఉంది.

మా ఆయన ఇల్లందు నుంచి భద్రాచలం దాకా, దవాఖానాకో గుడికో పోయేవాళ్లను కారులో కిరాయికి తీసుకుపోయేవాడు. ఆయన పోయాక ఆ కారు మా అన్న నడుపుతున్నాడు. మా ఇంట్లో పొయ్యి వెలిగేది దాని మీదే.

ఇంజన్ ఆయిల్ మార్చడానికి మా ఆయన ఎవరినీ నమ్మేవాడు కాదు. కారు కిందకి దూరి తనే మార్చేవాడు. నేను బ్యాటరీ లైటు పట్టుకునేదాన్ని. ఇంజన్ అడుగున ఆయిల్ దించే బోల్టు ఉంటుంది. ఆ బోల్టు తలకీ ఇంజన్‌కీ మధ్య సన్నటి రింగు, అదే వాషర్. బిగిస్తే నలిగి సందు మూసేస్తుంది. ఒకసారి నలిగిందాన్ని ఆయన మళ్లీ వేసేవాడు కాదు. మా కారుకు రాగిదే పడాలి. షాపులో కారు పేరు చెబితే ఏదో ఒకటి చేతిలో పెడతారని, అలాంటిదే ఇంకో బోల్టు జేబులో వేసుకుని వెళ్లి దానికి తొడిగి చూసేవాడు. బెజ్జం బోల్టు మరల మీద వదులుగా ఊగకూడదు. అంచు బోల్టు తల దాటకూడదు. వేలితో తడిమితే ఎక్కడా గీత తగలకూడదు. నంబర్లు చదవలేని నాకు ఇంతకంటే ఏం కావాలి?

ఆయన పోయాక మొదటిసారి ఆయిల్ మార్చాల్సి వచ్చినప్పుడు ఆయన స్నేహితుడైన మెకానిక్ దగ్గరికే వెళ్లాం. మా ఇంట్లో ఎన్నిసార్లు తిన్నాడో. నన్ను వదినా అంటాడు. వాషర్ మాత్రం నేనే ఖమ్మం పోయి, బోల్టుకు తొడిగి చూసి తెచ్చి అతని అరచేతిలో పెట్టాను.

"గిదంత నీకెందుకు వదినా? నేను లేనా?" అని నవ్వాడు.

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒక మనిషి ఉన్నాడులే అనుకున్నాను.

అతను ఆయిల్ మార్చిన నాలుగో రోజు అన్న అడవి దారిలో టీకి ఆగితే కారు కింద నల్లటి చుక్కలు. ఆగి ఆగి ఆయిల్ పోసుకుంటూ ఇంటికి తెచ్చాడు. కబురు పెడితే మెకానిక్ వచ్చి, బానెట్ ఎత్తి పెదవి విరిచాడు.

"ఇంజన్ పోయింది వదినా. ఎంత జేసినా కారుతనే ఉంటది. మా బావమరిది తీస్కుంటడు, ఇచ్చెయ్. నీకెందుకీ లొల్లి?"

"కిందికి పోయి సూడవా?"

"సూసేదేముంది? అన్న బతికున్నప్పటి సంది గీ బండి నాకు దెల్వదా?"

అతను వెళ్లాక గోనెసంచి పరుచుకుని నేనే దూరాను. పైనంతా పొడిగా ఉంది. బోల్టు దగ్గరే తడి. "అన్నా, జర ఇప్పు," అన్నాను. అన్న బేసిన్ పెట్టి ఇప్పాడు. బోల్టుతో పాటు వాషర్ వచ్చింది. తెల్లది. అల్యూమినియంది. బెజ్జం పెద్దదై పక్కకి జరిగి నలిగిపోయింది. కారడం వెంటనే బయటపడకుండా సందులో దారం కూడా చుట్టి ఉంది.

"ఇదేంది చెల్లె? నువ్వు తెచ్చింది ఎర్రది గదా?"

దాన్ని కడగనైనా కడగకుండా అతని షెడ్డుకు పట్టుకెళ్లాను.

"నేనిచ్చిన రాగిది ఏది?"

"గదే ఏసిన వదినా."

అరచేయి తెరిచాను. ఒక చూపు చూసి, స్పానర్ తుడుచుకుంటూ, "నీకు సదువు రాదాయె. గవన్ని ఒకటే," అన్నాడు.

"సదువు రాదు. ఎర్రదేదో తెల్లదేదో తెల్వదా నాకు? బండి కావాల్నంటే అడగొచ్చు గద. గిట్ల కార్పిచ్చి అడుగుతవా?"

"ఆడమనిషికి కారెందుకు వదినా?" అన్నాడు. అది కూడా మెల్లగా, నా మంచికే చెబుతున్నట్టు.

మళ్లీ ఖమ్మం పోయి రాగిది తెచ్చాను. అన్న బిగించాడు. కింద అట్ట పరిచి రెండు రోజులు చూశాం. చుక్క పడలేదు. ఇంజన్‌కు ఏమీ కాలేదు.

మా ఇంట్లో ఏడాది మాసికం రోజున పాడె మోసిన నలుగురికే ముందు అన్నం పెడతాం. ఆ నలుగురిలో అతనూ ఉన్నాడు. నేను మూడు విస్తర్లే వేశాను. అతను వాకిట్లో చెప్పులు విడిచి విస్తర్ల వైపు చూశాడు.

"ఇంకోటెయ్యి బిడ్డా," అంది మా అత్త.

నేను అన్నం గిన్నె పట్టుకుని మొదటి విస్తరి దగ్గర వంగాను. వెనక అతను చెప్పులు వేసుకుంటున్న చప్పుడు వినబడింది. తలెత్తలేదు. ఏడుపైతే ఆగలేదు.