లెగ్‌పీసు మీద పన్ను

ఆ రోజుల్లో నాకు లెక్కలు తప్ప లోకం తెలీదు. లెక్కలు తెలిస్తే లోకం తెలిసినట్టేనని మాత్రం గట్టి నమ్మకం ఉండేది. అమలాపురంలో ఒక ఆడిటర్ గారి దగ్గర జీతాల్లోంచి పన్ను కోసే విద్య నేర్చుకుని, కరోనా కాస్త సద్దుమణిగాక దుబాయ్ వచ్చి, అల్ కుసైస్‌లో ఒక ఇంటీరియర్ కంపెనీలో అసిస్టెంట్ అకౌంటెంటుగా చేరాను. చేరిన నెలలోనే నీరుగారిపోయాను. ఇక్కడ జీతాల మీద పన్నే లేదు. ఎవరి జీతం వాళ్లకు చెక్కుచెదరకుండా వెళ్లిపోతుంటే చూస్తూ కూర్చోవడం నాకెంత కష్టంగా ఉండేదో చెప్పలేను. (కత్తెర పట్టుకుని బట్టతలల ఊరికి వచ్చినట్టయింది నా పని.)

అలా తుప్పు పట్టిపోతున్న నా విద్యకు మా కంపెనీ కార్మికులుండే క్యాంపు ఫుట్‌బాల్ జట్టు దొరికింది. వడ్రంగులు, ప్లంబర్లు, పెయింటర్లు కలిసి ఆదివారం సాయంత్రాలు ఆడే జట్టు అది. కెప్టెనూ గోల్‌కీపరూ కూడా కడప నుంచి వచ్చిన ప్లంబింగ్ ఫోర్‌మన్. అందరికీ ఆయన భాయ్. గల్ఫ్‌లో సగం జీవితం గడిచిపోయినా ఒక్క లీగూ మొదటినుంచి చివరిదాకా ఆడలేకపోయారు పాపం. ఒక ఏడు మధ్యలో ఫుజైరా సైటుకు పంపేశారు, ఒక ఏడు కరోనా, ఇంకో ఏడు జట్టే కొట్టుకుని చీలిపోయింది. ఈ లీగు అయిపోగానే వీసా రద్దు చేసుకుని ఇంటికి వెళ్లిపోతున్నారు. "ఆఖరి మ్యాచ్‌లో గోల్ కాడ నిలబడి పోవాలప్పా, నాకింకేం వద్దు" అని కనబడినవాళ్లందరికీ చెప్పేవారు. అలాంటి మనిషి జట్టు ఖజానా తెచ్చి నా చేతిలో పెట్టారు. నాకు కళ్లజోడు ఉంది కాబట్టి తెలివైనవాణ్ణని ఆయన అభిప్రాయం.

మా ఆటగాళ్లకూ జీతాలుండేవి, నవ్వకండి. మ్యాచ్ అవగానే మనిషికో చికెన్ బిర్యానీ ప్యాకెట్టు, ఒక లబన్ సీసా. లబన్ అంటే మన మజ్జిగే, కాస్త చిక్కగా ఉంటుంది. జట్టులో గోలు కొట్టగలిగినవాడు ఒక్కడే, జగిత్యాల కుర్రాడు. పరుగు మొదలెడితే బంతి దగ్గర కూడా ఆగేవాడు కాదు కనుక వాడి పేరు లారీ. వాడికి మాత్రం ప్రత్యేక ఒప్పందం మీద రెండు ప్యాకెట్లు. నెలనెలా అందరూ వేసుకునే చందాల్లోంచే ఈ జీతాలూ, లీగుకు కట్టాల్సిన గ్రౌండు అద్దె వాటా కూడా.

సీజన్‌కు ముందు సత్వాలో ఒక టీ కొట్టు వెనక లీగు మీటింగు జరిగింది. లీగులో ఎనిమిది జట్లు ఉండాలా, పద్నాలుగు ఉండాలా అన్నది ప్రశ్న. నేను లేచి ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసి ఉపన్యాసం ఇచ్చాను. గ్రౌండు ఎలాగూ సీజన్ మొత్తానికి ఒకే అద్దెకు తీసుకున్నాం, జట్లు పెరిగితే తలో వాటా తగ్గుతుంది, ఇంత చిన్న విషయం మీద చర్చెందుకు అన్నాను. మలయాళీ సూపర్‌మార్కెట్ జట్టు మేనేజరు కూడా చప్పట్లు కొట్టాడు. పద్నాలుగే ఖాయమైంది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో భాయ్ నా భుజం తట్టారు. ఆ రాత్రి మా ఆడిటర్ గారు నన్ను చూసి ఉంటే బాగుండేదనుకుంటూ నిద్రపోయాను.

జట్లు పెరిగితే మ్యాచ్‌లు పెరుగుతాయని, మ్యాచ్‌లు పెరిగితే బిర్యానీలు పెరుగుతాయని నాకు సీజన్ సగంలో తెలిసింది. అద్దెలో మిగిలింది గుప్పెడు, బిర్యానీల్లో పోయింది గంపెడు. మేం బిర్యానీలు తెచ్చుకునే నెల్లూరు కాకా కెఫెటీరియాలో మాకు అప్పు పుట్టడం మానేసింది. చందా పెంచుతామంటే సగంమంది ఇంటికి పంపాల్సిన డబ్బు గుర్తు చేశారు. అప్పుడు నాలోని ఆడిటర్ గారి శిష్యుడు ఒళ్లు విరుచుకుని లేచాడు. జీతం మీద పన్ను వేశాను. ప్యాకెట్టు కట్టేటప్పుడే ఒక ముక్క తగ్గించి, ఆ మేరకు బిల్లు తగ్గించమని కాకాతో మాట్లాడుకున్నాను. (మూలంలోనే కోత అంటారు దీన్ని, నా ప్రాణానికి ప్రాణం.) రెండు ప్యాకెట్ల వాడిది ఎక్కువ ఆదాయం కాబట్టి వాడికి ఏకంగా లెగ్‌పీసులే కోత. ఈ శ్లాబులన్నీ నీటుగా టైపు చేసి మెస్సు గోడకు అంటించి, దూరంగా నిలబడి చూసుకుని మురిసిపోయాను కూడా.

ఆ ఆదివారం లారీ ప్యాకెట్టు విప్పి, అన్నం అంతా కెలికి, లేచి నా దగ్గరకొచ్చాడు.

"దుబాయ్‌ల టాక్స్ లేదంటెనే గదా అన్నా, ఇంత దూరమొచ్చిన. ఈడి సర్కారే నా జీతంల చెయ్యి పెట్టలే. నువ్వు పెడ్తవా?"

నేను ప్రజా ప్రయోజనం గురించి రెండు మాటలు చెప్పబోయాను. వాడు ప్యాకెట్టు నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. మర్నాటికల్లా మలయాళీ జట్టువాళ్లు వాడికి పరోటా, బీఫ్ ఫ్రై, పైగా వ్యాన్ సౌకర్యం ఇస్తామన్నారని కబురు తెలిసింది. తర్వాతి మ్యాచ్‌కు కోత మీద అలిగినవాళ్లు పోగా మావాళ్లు ఆరుగురే వచ్చారు. ఆడకుండానే ఓడిపోయినట్టు రాసుకున్నారు. ఇంకొకసారి ఇలా అయితే లీగులోంచి తీసేస్తామని నిర్వాహకులు చెప్పేశారు. మిగిలింది ఒక్క మ్యాచే, అదే భాయ్ ఆఖరిది. ఆయన నన్ను పల్లెత్తు మాట అనలేదు. గ్లవ్స్ ఉతికి బాల్కనీలో ఆరేస్తూ, "పోనీలేప్పా, నాకు రాసిపెట్టిలేదు" అన్నారు. నాలుగు తిట్టి ఉంటే హాయిగా ఉండేది. నాకు ఏడుపొచ్చింది.

వారమంతా గది గదికీ తిరిగాను. గోడమీద కాగితం అందరి ముందూ చింపాను. లారీ మంచం మీద కాళ్లు చాపుకుని నా విన్నపం మొత్తం విని, జీతమెంత అని మాత్రం అడిగాడు. ఉన్నదంతా కాకా బాకీకి కట్టేశాను, ఖజానాలో పైసా లేదు, ఎవరి తిండి వాళ్లే తెచ్చుకోవాలి, ఇది భాయ్ కోసం అన్నాను. వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆదివారం నాకన్నా ముందే గ్రౌండు దగ్గర లారీ ఉన్నాడు, చేతిలో టిఫిన్ క్యారియర్‌తో. ఒక్కొక్కరే వచ్చారు, మెస్సు పప్పుతో ఒకరు, నిన్నటి చేపల పులుసుతో ఒకరు. పూర్తి జట్టు ఆడింది. నాలుగు గోల్స్ తిన్నాం, లారీ ఒకటి కొట్టాడు. భాయ్ మాత్రం చివరి విజిల్ దాకా కదలకుండా నిలబడి, విజిల్ పడ్డాక గోల్‌పోస్టుకు ఆనుకుని కూర్చుండిపోయారు. డబ్బాలన్నీ ఆ పచ్చగడ్డి మీదే ఆయన చుట్టూ విప్పాం. ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అడిగారు.

"మన ఖజానాలో ఏమన్నా మిగిలిందాప్పా?"

"ఏమీ లేదు భాయ్."

"బాకీలు?"

"అవీ లేవు."

"అట్లయితే ఖలాస్. ఇంత బాగా నడిపినోడు ఇంకెవడూ లేడప్పా" అన్నారు, పులుసు కలుపుకుంటూ. వెటకారమేమోనని ఆయన ముఖంలోకి చూశాను. కాదు.

ఇప్పుడు దుబాయ్‌లో కంపెనీల లాభాల మీద పన్ను వచ్చింది. నా విద్యకు గిరాకీ పెరిగి, ఏసీ గదిలో పెద్ద కుర్చీ దొరికింది. నేను చెప్పిన పన్ను కంపెనీలవాళ్లు మారుమాట లేకుండా కట్టేస్తారు. ఒక్కోసారి అంకెలు టైపు చేస్తూ, శ్లాబులు గోడకు అంటించి మురిసిపోయిన ఆ కుర్రవాణ్ణి తలుచుకుని నాలో నేనే నవ్వుకుంటాను. వాణ్ణి ఇప్పుడు నేనైతే ఉద్యోగంలోకి తీసుకోను. కానీ ఒక్క ఆదివారం వాడి పక్కన ఆ గడ్డి మీద కూర్చోమంటే, కుర్చీ వదిలేసి పరుగెత్తుకు వెళతాను.