చేటలో కలిసిన మాత్రలు

సముద్రం అడుగునుంచి కేన్సర్‌కి మందు తీసుకొచ్చినవాణ్ణి నేను. ఈ మాట పెళ్ళిళ్ళలో చెప్పాను, సిటీ బస్సుల్లో చెప్పాను, క్షవరం చేయించుకుంటూ చెప్పాను. ఒకసారి పూర్ణా మార్కెట్‌లో ఉల్లిపాయలు బేరమాడుతూ కూడా చెప్పాను. ఉల్లిపాయలాయన ధర తగ్గించలేదు గానీ కూర్చోడానికి స్టూలు వేశాడు.

నిజం చెప్పాలంటే, సముద్రపు జీవుల మీద పరిశోధన చేసే ఒక ల్యాబ్‌లో నేను బకెట్లు మోశాను. రిటైరయ్యేదాకా అదే పని. హార్బర్‌లో జెట్టీ స్తంభాలకి నీళ్ళలోపల స్పాంజిలు పట్టుకుని ఉంటాయి. చూడ్డానికి నాచు పట్టిన రాయిలా ఉంటాయి కానీ ప్రాణమున్నవే. కదలలేవు, పారిపోలేవు. అందుకని తమని తినడానికి వచ్చేవాటి కోసం ఒంట్లోనే విషం తయారుచేసి పెట్టుకుంటాయి. ఆ విషంలో ఏదో ఒకటి కేన్సర్ కణాన్ని చంపకపోతుందా అని మా సారు తన సర్వీసంతా వెతికారు. మునిగి గీకి తెచ్చేవాళ్ళు వేరే ఉండేవారు. నేను పడవలో కూర్చుని, వాంతులు చేసుకుంటూ, వాళ్ళు అందించింది బకెట్‌లో వేసుకునేవాణ్ణి. ఆనందపురం దగ్గర వంగతోటలు వేసుకునే ఇంట్లో పుట్టినవాణ్ణి, అలలు నాకెక్కడ పడతాయి?

ల్యాబ్‌లో స్పాంజిని నూరి, స్పిరిట్‌లో నానబెట్టి, ఆ రసాన్ని గాజుపళ్ళెంలో పెంచిన కణాల మీద చుక్కలుగా వేసేవారు. పక్కనే ఇంకో పళ్ళెం. దానిలో రసం లేని ఉత్తి స్పిరిట్ చుక్క. రెండిటినీ పోల్చి చూడాలి కదా మరి. ఆ ఉత్తి సీసాని కడగడం, నింపడం, దాని మీద చీటీ అతికించడం నా పని. ‘ఉత్తిదానికి మర్యాద తక్కువ చేశావంటే అసలుదాని సంగతి మనకేమీ తెలియదోయ్’ అనేవారు సారు. ఆ మాట నాకెంతో నచ్చింది. నలుగురిలో అది నా మాటగానే చెప్పుకున్నాను.

మా ఆవిడ భీమిలి వైపు చేపలు పట్టేవాళ్ళ అమ్మాయి. స్పాంజిల కోసం వాళ్ళ నాన్న పడవ అద్దెకి తీసుకునేవాళ్ళం. నన్ను మొదటిసారి చూసినప్పుడు నేను పడవ అంచు పట్టుకుని కక్కుతున్నాను. ‘ఈ మడిసికి సముద్రం మీద ఉజ్జోగవేటే!’ అని ఒడ్డున నిలబడి పగలబడి నవ్వింది. నవ్వినదాన్నే చేసుకున్నాను. పెళ్ళయిన కొత్తలో ఉత్తి సీసా గురించి గొప్పగా చెబితే, ‘ఉత్తి నీళ్ళకి కూడా పేరు రాసి అంటిత్తారా మావా? మీకు పనీపాటా లేదేటి?’ అంది.

ఆమెకి రొమ్ములో మొదలైన జబ్బు, మేము కనుక్కునేసరికి ఎముకల్లోకి పాకింది. ఆస్పత్రిలో ఒక చిన్న వయసు డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పింది. ఇంజెక్షన్లు అందరికీ ఇస్తారు. వాటికి తోడు ఒక కొత్త మాత్ర మీద పరిశోధన జరుగుతోంది. ఇష్టపడి చేరినవాళ్ళలో సగం మందికి ఆ మాత్ర ఇస్తారు, మిగతా సగానికి అచ్చం అలాగే కనిపించే ఉత్తి మాత్ర ఇస్తారు. ఎవరికి ఏది వచ్చిందో రోగికీ తెలియదు, డాక్టరుకీ తెలియదు.

‘అంటే చీటీలు తీసినట్టా అమ్మా?’ అంది మా ఆవిడ.

‘అలాంటిదేనమ్మా. చీటీలు కంప్యూటర్ తీస్తుంది.’

ఆమె తేల్చుకోలేక నా వైపు చూసింది. బతకాలన్న ఆశ ఆ చూపులో ఎంత బాహాటంగా ఉందంటే, నేను మామూలు మాట మాట్లాడలేకపోయాను. బయటికొచ్చాక వరండాలో మొదలుపెట్టాను. ‘ఒలే, ఆ మాత్ర ఎక్కడిదనుకున్నావు? మా జెట్టీ కాడ స్పాంజిదే. నాను మోసిన బకెట్లోదే.’ ఆ మాత్రకీ మా స్పాంజికీ ఏ సంబంధమూ లేదు. అది ఎక్కడో మందుల కంపెనీలో పుట్టింది. ఆమె ‘ఓహో’ అంది. లోపలికెళ్ళి సంతకం పెట్టింది.

ఇంజెక్షన్ల రోజున వరసలో పక్కన కూర్చునే ఇంకో ఆడమనిషి ఉండేది. హార్బర్ దగ్గర రొయ్యలు ఒలిచే పని, మొగుడు లేడు. ఆమెది కూడా రొమ్ము జబ్బే గానీ ఇంకా ఎముకలదాకా పోలేదు. ఆమె కూడా ఆ మాత్రల పరిశోధనలో ఉంది. ఇద్దరికీ జుట్టు ఊడిపోయింది, ఇద్దరికీ నోరు మాత్రం తగ్గలేదు. ఏ సీజన్‌లో ఏ చేప రుచో వాదించుకుంటూ అప్పా, చెల్లీ అయిపోయారు. ఆ లెక్కన నేను ఆమెకి బావని, ఆమె నాకు మరదలు. సెలైన్ ఎక్కించుకుంటూనే నన్ను ఆటపట్టించేది. ‘మా అప్ప పక్కన నిన్ను సూత్తే కావిడి మోసినోడిలా ఉన్నావు బావా, మొగుడిలా లేవు.’

ఒక మధ్యాహ్నం తగరపువలసలో చుట్టాలింటికని బయల్దేరి, బస్సు దొరక్క వెనక్కి వచ్చేశాను. మా వీధి అరుగు మీద ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. మధ్యలో ఎండురొయ్యల పొట్టు చెరిగే చేట. చేటలో తెల్లటి మాత్రలు. రెండు సీసాలు మూతలు తీసి పక్కన పడి ఉన్నాయి. మా ఆవిడ అరచేత్తో మాత్రల్ని బాగా కలియబెట్టి, రెండు కుప్పలు చేస్తోంది.

‘ఏటిది?’ అన్నాను.

‘కనబడతలేదేటి? వాటాలేసుకుంతన్నాం.’

‘ఎప్పట్నించి?’

‘మొదట్నించీ,’ అంది మరదలు. ‘నీకు అప్ప సెప్పలేదా బావా? అయ్యో, ఈ మడిసికి ఇంట్లో ఏటీ తెలీదే!’

ప్రతిసారీ ఆస్పత్రిలో సీసాలు తీసుకుని రావడం, ఆ రోజో మర్నాడో కలుసుకుని చేటలో పోసి కలపడం, సమంగా తిరిగి సీసాల్లో నింపుకోవడం. మిగిలిన మాత్రల్ని డాక్టరమ్మ లెక్క చూసుకునేది, ఆ లెక్క ఎప్పుడూ తప్పలేదు. వాళ్ళ ఒడ్డున రెండు పడవలు కలిసి వేటకెళితే, వచ్చినదంతా ఒకే చోట ఇసకలో కుప్ప పోస్తారు. ఏ వల్లో పడింది అని అడగరు. ఖాళీ వల తెచ్చినవాడికీ కుప్ప ఉంటుంది. మా ఊళ్ళో అడుగు గట్టు జరిపాడని అన్నదమ్ములు కోర్టుకెళ్ళడం చూసి పెరిగినవాణ్ణి. నాకు ఇది అర్థం కావడానికి టైం పట్టింది.

‘ఒలే, అది ప్రయోగం. ఉత్తి సీసాలో అసలుది కలిపేత్తే ఇంకేం తెలుత్తాది?’ అన్నాను.

‘నాను సీసానేటి మావా?’ అంది.

‘అది కాదే. మందుకి ఒక మోతాదుంటాది. సగం వలేత్తే సగం సేపలు పడతాయా? ఒక్కటీ పడకపోవచ్చు.’

ఆ మాట ఆమెకి తగిలింది. మరదలు కూడా నవ్వడం మానేసింది.

‘మరి నా సీసా ఉత్తిదైతే?’ అంది మా ఆవిడ. ‘ఇది అసలుది మింగుతా నా పక్కన కూకుంటాది, నాను సూడాల. నాదే అసలుదైతే, నాను మింగుతుంటే ఇది సూడాల. నాకలాగ ముద్ద దిగదు మావా.’

‘స్పాంజిలోంచి నాను తెచ్చిన మందే అది. వాటాలేసుకోడానికి సేపలు కాదు,’ అన్నాను, చివరి ఆయుధంగా.

ఆమె పడీ పడీ నవ్వింది. నొప్పికి నడుం పట్టుకుని మరీ నవ్వింది. ‘నీ స్పాంజి మాట నమ్ముకుంటే ఎప్పుడో సచ్చిపోదును. ఆ కబుర్లు పెళ్ళయిన కాణ్ణించి ఇంటన్నాను గదా.’

తర్వాత నేను ఇంట్లోనే ల్యాబ్ పెట్టి రెండు మాత్రల్నీ పరీక్షించాను. అంటే, మళ్ళీ కొత్త సీసాలు వచ్చిన రోజున, కలపకముందే ఒక్కో సీసాలోంచి ఒక్కోటి కాజేసి వంటింట్లో నిలబడి నాకాను. చేదుగా ఉన్నదే అసలుదని నా సిద్ధాంతం. మా ఆవిడది అసలుదని తేలితే పంపకం ఎలాగైనా ఆపించాలి, ఉత్తిదని తేలితే నోరుమూసుకోవాలి. నా శాస్త్రమంతా ఇంతే. రెండూ సున్నం పూసిన గోడలా ఒకే రుచి ఉన్నాయి.

చివరికి వెళ్ళి డాక్టరమ్మకి చెప్పేశాను. శాస్త్రం కోసం చెప్పానని అందరితో అన్నాను. శాస్త్రం మాట అటుంచండి. చెబితే ఆమె కంగారుపడి కంప్యూటర్ తెరిచి, ఎవరిది అసలుదో చూసి, మా ఆవిడకి అసలుదే పూర్తిగా ఇప్పిస్తుందని ఆశపడ్డాను.

డాక్టరమ్మ లేచి తలుపు వేసి వచ్చింది. ‘మీరు ల్యాబ్‌లో పనిచేశారు కదండీ,’ అంది. అంతే. తిట్టినా బాగుండేది.

‘ఎవరిది ఏదో ఒక్కసారి చూడమ్మా.’

‘నాకు తెలియదండీ. తెలియకూడదు కూడా. వాళ్ళ మీద నేను కోప్పడలేను. కానీ ఆ మాత్రలు ఇక ఇద్దరికీ ఇవ్వడం కుదరదు. ఇంజెక్షన్లు మాత్రం మామూలుగా ఇస్తాం, అందులో ఏ తేడా రానివ్వను.’

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ గుమ్మంలో కూర్చుని ఉంది. నా మొహం చూసి, ‘సెప్పీసేవా?’ అంది.

‘సెప్పీసేను.’

‘దానికి కూడా ఆపీసేరా?’

‘ఆపీసేరు.’

‘అయితే సమానవే,’ అంది. నన్ను ఒక్క మాట కూడా అనకపోవడం మా కాపరంలో అదే మొదలు.

ఆమె వానాకాలంలో పోయింది. పోయేముందు కొన్నాళ్ళు చేపల కూర వాసన పడలేదు. పొయ్యి మీద గిన్నె ఉంటే, ‘దాన్నవతల పెట్టు మావా, వాకరొత్తంది’ అంది. పుట్టిన దగ్గర్నుంచి ఆ వాసనలో బతికిన మనిషి. గిన్నె పెరట్లోకి తీసుకెళ్ళి పెట్టి, అక్కడే దాని పక్కన కూర్చుండిపోయాను. లోపలికి రావడానికి ధైర్యం చాల్లేదు.

చాలాకాలానికి పరిశోధన ముగిసిందని, ఎవరికి ఏది ఇచ్చారో ఇప్పుడు చెప్పవచ్చని డాక్టరమ్మ ఫోన్ చేసింది. వెళ్ళాను.

‘మీ ఆవిడకి వచ్చింది అసలు మందేనండీ.’

‘రెండో ఆవిడకి?’

‘ఉత్తిది.’

‘పూర్తిగా మింగి ఉంటే బతికేదా?’

‘అలా చెప్పలేనండీ. పూర్తిగా వాడినవాళ్ళలో కొందరికి కొన్ని నెలలు ఎక్కువ దక్కాయి. అందరికీ కాదు.’

కొన్ని నెలలు. ఆమెతో కొన్ని నెలలు. పోనీ మరదలు నిలబడింది కదా, అది మా ఆవిడ పెట్టిన సగం వల్లనేనా అని అడిగాను. ఇంజెక్షన్ల వల్ల కావచ్చు, జబ్బు అంత ముదరకపోవడం వల్ల కావచ్చు, సగం మాత్రల వల్ల కావచ్చు. కలిపేశారు కాబట్టి ఇది ఇందుకని విడదీసి ఎవరూ చెప్పలేరు, ఎప్పటికీ, అంది.

ఆ వారంలోనే మరదలు మా ఇంటికొచ్చింది. జుట్టు పెరిగి నల్లగా రింగులు తిరిగింది. ఒలిచిన రొయ్యలు కవర్లో తెచ్చింది. అరుగు మీద కూర్చుని, ‘డాక్టరమ్మ నన్నూ రమ్మంది బావా. నాకు బయవేసి ఎల్లలేదు. నువ్వే సెప్పు. ఎవరిది అసలుది?’ అంది.

ఉన్నది చెబితే, అప్ప నోటికాడిది నేను తినేశానని ఈమె కుమిలిపోతుంది. ఆ బరువు ఈమెకెందుకు? నాకు అలవాటైన విద్యే కదా.

‘నీదే అసలుది,’ అన్నాను. ‘నువ్వు పెట్టిన సగం మూలానే మీ అప్ప వానలదాకా ఉంది. లేకపోతే ఎండల్లోనే పోవలసిందట. డాక్టరమ్మ కంప్యూటర్లో సూపించింది కూడాను.’

సంతోషిస్తుందనుకున్నాను. ఆమె మొహం అలా అలా పాలిపోయింది.

‘అయితే సగవే ఇచ్చేనా?’ అంది. ‘అప్పకి ఎముకల్లోకి ఎల్లిపోనాదని తెలిసి కూడా సగవే ఇచ్చేనా? నాకేటయింది, నాను బాగానే ఉన్నాను గదా. అన్నీ ఇచ్చీవల్సింది బావా. అన్నీ దానికే పోసీవల్సింది.’

స్తంభానికి తల ఆనించి ఏడవసాగింది. నేను హడలిపోయాను.

‘ఒలే, ఒలే, ఆగు. అబద్దం. నాను ఆడింది అబద్దం. దానిదే అసలుది, నీదే ఉత్తిది. అదే నీకు పెట్టింది.’

ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుని నన్ను చూసింది. ఏడుపులోనే చిన్నగా నవ్వింది. ‘నన్నూరుకోబెట్టడానికి ఎన్ని అల్లుతున్నావు బావా. అప్ప సెప్పీది, మీ బావ ఏడుపు సూడలేడు, ఏదో ఒక కత కట్టీత్తాడని.’

‘నీ తోడు, నిజం. కావాలంటే డాక్టరమ్మనే అడుగు.’

‘ఆయమ్మకి కూడా నేర్పీసుంటావు. పోనీలే.’

ఇప్పటికీ నెలనెలా వస్తుంది. రొయ్యలు గిన్నెలో వేస్తుంది, కాసేపు కూర్చుంటుంది, లేవబోతూ ‘అన్నీ ఇచ్చీవల్సింది’ అంటుంది. నేను మళ్ళీ మొదట్నించి, ఒక్క ముక్క కూడా కలపకుండా, జరిగింది జరిగినట్టు చెబుతాను. ఆమె ఓపిగ్గా వింటుంది. జ్వరమొచ్చిన పిల్లాణ్ణి తట్టినట్టు నా భుజం తడుతుంది.

‘సరే బావా,’ అంటుంది. ‘అలగే అనుకుందాంలే.’