బండి లేని ఇళ్ల జాబితా

కండక్టర్ సాబ్ పోయారు. ఆదివారం పొద్దున అబిడ్స్‌లో ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాల్లో మా అమ్మాయికి లెక్కల గైడు వెతుకుతుంటే ఫోన్ వచ్చింది. మా గల్లీ ఆటోవాలా చేశాడు. "అక్కా, సాబ్ పోయిండు. చాయ్ తాగుకుంట కూసున్నోడు కూసున్నట్టే పోయిండు" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. గైడు అక్కడే పడేసి నాంపల్లిలో మా గల్లీ దాకా నడిచొచ్చేశాను. ఆటో ఎక్కొచ్చన్న సంగతి కూడా తోచలేదు.

ఆయన మాకు చుట్టం కాదు. గల్లీలో మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఉండేవారు. ముప్పై ఏళ్లు సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగం ఆయన్ని వదిలింది గానీ ఆయన ఉద్యోగాన్ని వదల్లేదు. ఎవరింట్లో పెళ్లయినా గుమ్మం దగ్గర నిలబడి, "జర లోపలికి జరుగుండ్రి, లోపలంత ఖాళీగనే ఉంది" అనేవారు. మాట్లాడేటప్పుడు కూర్చోరు. గోడకి ఒక భుజం ఆనించి, కాళ్లు కాస్త ఎడంగా పెట్టి నిలబడతారు. "సాబ్, గల్లీ ఎటూ కదలదు, కూర్చోండి" అని నేను వేళాకోళం చేస్తే, "బ్రేకు ఎప్పుడు పడ్తదో ఎవలకెరుక బిడ్డా" అని నవ్వేవారు.

నాకు నోరెక్కువ. అది గల్లీ అంతా ఒప్పుకునే మాటే. మా తాతగారు గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. మా ఇంట్లో తుఫాను అంటే సముద్రం పక్కన ఉండేవాళ్ల గొడవ. బంగాళాఖాతంలో వాయుగుండం అంటే బాపట్లలో ఉన్న మేనత్తకి ఫోన్ చేసి జాగ్రత్తలు చెప్పి పడుకునేవాళ్లం. ఆ తుఫాను తీరం దాటి, రెండు రోజులకి వానై మా నెత్తినే పడుతుందని, మా గల్లీ చివరున్న నాలా పొంగి ఇళ్లలోకి వస్తుందని కళ్లారా చూశాక గానీ తెలిసి రాలేదు.

అలాంటప్పుడు మునిసిపాలిటీ జీపు వచ్చి, "లోతట్టు ప్రాంతాల వాళ్లు ఖాళీ చేయండి" అని మైకులో చెప్పి వెళ్లిపోతుంది. కార్లున్నవాళ్లు హిమాయత్‌నగర్‌లో బావగారింటికో, లక్డీకాపూల్‌లో చెల్లెలింటికో వెళ్లిపోతారు. బండి లేనివాళ్లు మాత్రం మైకు వెళ్లిన వైపే చూస్తూ గుమ్మాల్లో నిలబడేవాళ్లు. మోకాళ్ల నొప్పుల ముసలాళ్లు, పసిపిల్లల తల్లులు ఎక్కడికని నడుస్తారు? ఒకసారి అలా నిలబడ్డవాళ్లని చూసి కండక్టర్ సాబ్‌కి కోపమొచ్చింది. "ఖాళీ చెయ్యుండ్రి అన్నడు గని, ఏ బస్సుల పోవాల్నో చెప్పిండా?" అన్నారు. ఆ వారమే మమ్మల్ని కొందరిని కూడగట్టారు. ఆటోవాలా తన స్టాండులో ఇద్దరిని ఒప్పించాడు. అబిడ్స్ వైపు మెరక మీదున్న బడి తాళం తీయించే పూచీ సాబ్‌ది. బండి లేని ఇళ్ల జాబితా రాయడం నా పని. నా దస్తూరీ బాగుంటుందని ఇచ్చారు.

ఆయన పద్ధతులు ఆయనవి. మొదటి ఆటో రోడ్డు పక్క ఇళ్ల దగ్గర ఆగకూడదు. నేరుగా నాలా దాకా పోయి, జాబితాలో ఉన్న చివరింటి నుంచి ఎక్కించుకుంటూ రావాలి. "మేం ముందే తయారున్నం గద సాబ్" అని రోడ్డు పక్కవాళ్లు గోల చేస్తే, "మీరు స్టేజీల నిలబడ్డరు, ఆళ్లు నీళ్లల్ల నిలబడ్డరు" అనేవారు. ఇక మొండికేసేవాళ్లు సరేసరి. "ఇల్లిడిసి నేను రాను, సస్తే గీడనే సస్త" అనే ముసలాయనలతో సాబ్ వాదించేవారు కాదు. జేబులోంచి చీటీ తీసి, మధ్యకి చింపి, సగం ఆయన చేతిలో పెట్టేవారు. "టికెట్ కోసిన తాతా. ఇగ నువ్ రాకుంటే నా లెక్క తప్పుతది." ఏం మాయో గానీ, బతిమాలితే కదలనివాడు టికెట్ చేతిలో పడగానే చెప్పుల కోసం వెతుక్కునేవాడు. జాబితాలో ఉన్న అందరికీ అలాగే టికెట్ కోసి, బడి గుమ్మం దగ్గర ఆ సగాలు మళ్లీ తీసుకుని, తన దగ్గరున్న సగాలతో సరిచూసుకునేవారు. అన్నీ కలిస్తేనే ఆయన నోట 'రైట్' అనే మాట వచ్చేది.

రెండో ఏడు వానకి ఆ సగాలన్నీ కలిశాయి. సాబ్ రైట్ అన్నారు. మధ్యాహ్నం మూడవుతోంది. బడి వరండాలో అందరికీ చాయ్ పోస్తున్నాం. సాబ్ గ్లాసు నోటి దాకా తీసుకెళ్లి ఆగిపోయారు.

"ఏంది, ఎవలు తిడ్తలేరు?" అన్నారు.

"తిట్టకపోతే మంచిదే కదా సాబ్."

"మంచిగ లేదు బిడ్డా. దర్జీ పెద్దమ్మ ఏది?"

దర్జీ పెద్దమ్మ నాలా ఒడ్డునున్న చివరింట్లో ఒంటరిగా ఉంటుంది. భర్త బట్టలు కుట్టేవాడు, పోయి చాలా ఏళ్లయింది. ఆమె నోటికి నా నోరొక్కటే జవాబు. నల్లా దగ్గర బిందెల వరసలో మేమిద్దరం పడని రోజు లేదు. చాయ్‌లో పంచదార తక్కువైనా గల్లీ అంతా వినపడేలా తిట్టే మనిషి ఆ వరండాలో ఉంటే తెలియకుండా ఎలా ఉంటుంది? జాబితా చూశాను. ఆమె పేరు లేదు.

ఎందుకు లేదో నాకు తెలుసు. జాబితా రాసే రోజున ఆమె వరండాలో స్కూటర్ కనిపించింది. బండి ఉన్న ఇల్లు అనుకుని ముందుకెళ్లిపోయాను. అది భర్త స్కూటర్. ఆయన పోయాక దాన్ని ఎవరూ నడపలేదు. ఆమె రోజూ గుడ్డ పెట్టి తుడుస్తుంది, అంతే. అది కూడా నాకు తెలియని సంగతి కాదు. ఆ నిమిషంలో స్కూటర్ చూసి, అమ్మయ్య, ఈ గుమ్మం ఎక్కక్కర్లేదని హాయిగా అనిపించిన మాట నిజం.

ఆటోలో సాబ్, ఆటోవాలా, నేను వెనక్కి వచ్చాం. గల్లీ సగంలోనే ఇంజిన్‌లోకి నీళ్లొచ్చి ఆటో ఆగిపోయింది. దిగి గోడలు పట్టుకుని నడిచాం. నాకు నడుం దాకా వచ్చాయి. చివరింటి వరండాలో, ఆ స్కూటర్ సీటు మీద కాళ్లు పైకి ముడుచుకుని కూర్చుని ఉంది దర్జీ పెద్దమ్మ. హ్యాండిల్ రెండు చేతులా పట్టుకుంది. నీళ్లు సీటుకి జానెడు కింద ఉన్నాయి. మమ్మల్ని చూసి తిట్టలేదు. సాబ్ వెనక్కి తిరిగి వంగి, "ఎక్కు అమ్మా" అన్నారు. అరవై దాటిన మనిషి, ఆమెని వీపు మీద మోసుకుని రోడ్డు దాకా నడిచారు.

బడి చేరాక పెద్దమ్మకి నోరు తిరిగి వచ్చింది. అందరి ముందూ నిలదీసింది. "నేనొక్కదాన్నే బరువైతినా మీకు? నన్నెట్ల మరిచిన్రు? పేర్లు రాసిందెవలు?"

జాబితా నా చేతిలో ఉంది. సాబ్ నా వైపు చూడను కూడా చూడలేదు.

"తప్పు నాదే అమ్మా. నీ పేరు రాసుడు మరిచిన" అన్నారు.

అంత నోరున్నదాన్ని, జాబితా మడిచి గుప్పిట్లో దాచుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను గానీ మాట్లాడలేదు. సాయంత్రం వాన తెరిపిచ్చాక సాబ్ ఒక్కమాట అన్నారు. "ఇగ నుంచి బండ్లు రాయకు బిడ్డా. బండి నడిపేటోళ్లు ఉన్నరా అని అడిగి రాయి." ఇన్నేళ్లలో ఆ విషయం గురించి ఆయన నన్నన్నది అదొక్కటే.

పెద్దమ్మ మాత్రం మర్చిపోలేదు. సాబ్ ఎదురుపడితే చాలు, "మనుషుల్ని మరిచే కండక్టర్ వచ్చిండు" అనేది. పెళ్లి దావత్‌లో అంది, వినాయకుడి మంటపం దగ్గర అంది, పాల ప్యాకెట్ల దగ్గర పదిమందిలో అంది. ఆయన "ఔ అమ్మా, మరిచిన" అని తల వంచుకుని పోయేవారు. ఒకసారి ఆగలేక, "నేనే చెప్పేస్తాను సాబ్" అన్నాను. "చెప్పి ఏం జేస్తవ్? నల్లా కాడ మీ ఇద్దరి లొల్లి సాలదా? నేను రిటైరైనోణ్ణి, తిట్లు తినుడు నాకు అలవాటే. ఫికర్ చెయ్యకు" అని నవ్వారు. చెప్పొద్దన్నారు కదా అని నేనూ హాయిగా ఊరుకున్నాను. హాయిగా అని ఎందుకు రాశానంటే, నిజంగానే హాయిగా ఉండేది. ఆయన ఉన్నంతకాలం ఆ బరువు ఆయనదే అనుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం పాడె కడుతున్నారు. దర్జీ పెద్దమ్మ చివరింటి నుంచి మెల్లగా నడిచి వస్తుంటే ఎదురెళ్లి చెయ్యి పట్టుకున్నాను. మోకాళ్లు అరిగిపోయి ఆమెకిప్పుడు ఎవరో ఒకరి చెయ్యి కావాలి. సాబ్ ముఖం మీదికి వంగి చూసింది. "మంచోడే గని, ఆ దినం నన్ను మరిచిండు" అంది, ఎవరితోనో కాదు, తనలో తాను.

"ఆయన మర్చిపోలేదు పెద్దమ్మా" అన్నాను. "ఆ జాబితా రాసింది నేను. నీ ఇంటి ముందు స్కూటర్ చూసి నీ పేరు వదిలేసింది నేను. నన్ను కాపాడటానికి తన మీద వేసుకున్నారు."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. నా ముఖంలోకి చూసింది. తర్వాత సాబ్ వైపు చూసింది. "ఇన్నేండ్లు ఆయన్ని అన్న గదనే" అంది. "నువ్ పక్కనే నిలబడి ఇన్నవ్ గదనే."

పాడె లేచింది. పెద్దమ్మ నా చేతిలోంచి తన చెయ్యి విడిపించుకుంది. సాబ్ ఇంటి గోడ మీద అరచెయ్యి ఆనించి ఒక అడుగు వేసింది. ఆ గోడ అయిపోతే పక్కింటి గోడ, అది అయిపోతే దాని పక్కది. ఆడవాళ్లు వెంట వెళ్లరని ఎవరో అనబోయి ఆగిపోయారు. మోసేవాళ్లు వెనక్కి చూసి నడక తగ్గించారు. నేను గుమ్మంలోనే ఉండిపోయాను. గల్లీ మొదలు దాకా ఆమె గోడలు పట్టుకుంటూ ఆయన వెనకాలే వెళ్లింది. పాడె ఆమె కోసం ఆగి ఆగి సాగింది.