నాలుగో చెక్కలో అలసందలు

నేను కాపురానికి వచ్చిన ఏడాదే మా అత్తగారి వాలు చేనులోకి మట్టి పరిశోధన కేంద్రం వాళ్లు కూడా అడుగుపెట్టారు. ఆవిడ ఒకేసారి రెండు కొత్త బంధుత్వాలు భరించాల్సి వచ్చింది. నాతో తొందరగానే సర్దుకుంది. వాళ్లతో మాత్రం చివరిదాకా పడలేదు.

ఊళ్లో ఆవిడ్ని మొండి పెద్దమ్మ అనేవారు. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు, వెనకాలే. మా మామగారు పోయేనాటికి మా ఆయన చంటిపిల్లాడు. ఒంటరిది కదా అని పక్క చేనువాడు హద్దురాయి నాలుగడుగులు ఇవతలికి జరిపాడట. ఈవిడ అన్నం మూట తెచ్చుకుని ఆ రాయి మీదే కూర్చుందట. అతను దాన్ని మళ్లీ మోసుకుపోయి పాత చోట పాతేదాకా లేవలేదట. మొండివాడు రాజు కంటే బలవంతుడంటారు. రాజుల సంగతి నాకు తెలీదు గానీ, పక్క చేనువాడి కంటే మా అత్తగారు బలవంతురాలని అందరూ ఒప్పుకున్నారు.

మా చేను మెరకన ఉంటుంది. పైన గుట్ట, కింద వాగు. గట్టి వాన పడితే గుట్ట మీది నీళ్లన్నీ మా మీదుగానే దిగాలి. చుట్టుపక్కల చేలు అప్పటికే నెర్రెల్లా కాదు, కాలవల్లాగే కోసుకుపోయి ఉండేవి. కొన్నిటిలో మనిషి దిగితే తల కనిపించేది కాదు. యుద్ధం ముగిసి కొన్నేళ్లు గడిచాయి. తిండి గింజలకు అంతటా కటకటే. నేలను ఇలాగే పోనిస్తే రేపు పండించుకోవడానికి రాళ్లే మిగులుతాయని సర్కారుకు భయం పట్టుకుంది. అందుకే ఊరి చివర రేకుల కప్పుతో పొడుగాటి కట్టడం ఒకటి లేచింది. దాని ముందు ఆరుబయట వాన కొలిచే గొట్టం, లోపల ఒక గది నిండా రేకు పళ్లేల్లో తడి మట్టి, కిటికీ పక్కన త్రాసు. మట్టిని ఆరబెట్టే ఇనుప పొయ్యి వెలిగిస్తే ఆ వాసన వీధి మలుపుదాకా వచ్చేది. మా ఆయనకు ఆ గదిలోనే ఉద్యోగం ఇచ్చారు. వచ్చిన మట్టిని ఆరబెట్టి తూకం వేయడం ఆయన పని. పట్నంనుంచి వచ్చే అధికారుల కోసం గుట్ట వాలు మీదే, ముందు పచ్చిక పెంచి ఒక అతిథి బంగళా కూడా కట్టారు.

కేంద్రం అధికారిని అందరూ మట్టి డాక్టరు అనేవారు. నిజం డాక్టరే అనుకుని ఒకావిడ మోకాలి నొప్పి చూపించుకోవడానికి వచ్చింది కూడా. ఆయన నవ్వకుండా కూర్చోబెట్టి, పట్నం ఆసుపత్రికి తన జీపులోనే పంపాడు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. వాన మొదలైతే అందరూ చూరు కిందికి పరిగెడితే, ఆయన చెప్పులు విప్పి చేలోకి పరిగెత్తేవాడు.

మా చేను కొన్నేళ్ల కౌలుకు తీసుకుని, అందులో పైనుంచి కిందికి నాలుగు చెక్కలు పక్కపక్కనే గీశారు. ఒకదాని నీళ్లు ఇంకోదానిలోకి పోకుండా మధ్యలో రేకులు పాతారు. ఒక్కో చెక్క అడుగున ఒక్కో సిమెంటు తొట్టి. పైనుంచి జారిన నీరూ మట్టీ అందులో చేరతాయి. మొదటి చెక్కలో మేం వేసే పద్ధతిలోనే వాలు వెంట జొన్న. రెండోదానిలో వాలుకు అడ్డంగా గట్లు వేసి, ఆ గట్ల వెంటే చాళ్లు తీసి జొన్న. మూడోదానిలో గడ్డి. మట్టి డాక్టరు ఇవన్నీ ఓపిగ్గా చూపించాడు. అత్తగారు అడ్డగట్లను చూసి పకపకా నవ్వింది.

"నీళ్లకు నువ్వు గట్టు వేస్తే ఆగుతాయా నాయనా? అవేమన్నా మేకలా?"

"ఆగకపోతే వచ్చే ఏడు నేనే తవ్వి తీసేస్తానమ్మా," అన్నాడాయన.

"మరి ఈ నాలుగోదానిలో ఏం వేస్తారు?"

"ఏమీ వెయ్యం."

"వెయ్యకపోతే గడ్డి మొలుస్తుందిగా?"

"మొలవనివ్వం. మొలిచింది మొలిచినట్టు పీకించేస్తాం. పైన ఏ ఆచ్ఛాదనా లేకపోతే నేల ఎంత పోతుందో చూడాలి కదా."

అత్తగారి నవ్వు ఆగిపోయింది. కాసేపు ఆ చెక్క వైపే చూసింది. తర్వాత మారు మాట్లాడకుండా ఇంటికి వచ్చేసింది. ఆవిడ అరిస్తే మేమెవరం భయపడం. మాట్లాడకపోతేనే భయం.

మొదటి పెద్ద వానకే నాలుగో తొట్టి నిండిపోయింది. గడ్డి చెక్క తొట్టిలో నీళ్లు కాస్త రంగు మారి ఉన్నాయి, అంతే. నాలుగోదానిలో చిక్కటి ఎర్రటి బురద, చెయ్యి పెడితే మోచేతి దాకా దిగింది. కూలీలు కొంచెం పళ్లేల్లోకి తీసి మా ఆయనకిచ్చారు. తొట్టిలో బురద ఎత్తు కొలిచి, మిగిలినదంతా పారలతో వాగులోకి విసరడం మొదలుపెట్టారు.

అత్తగారు గట్టు మీదనుంచి చూసింది. దిగి వచ్చి ఒక కూలీ చేతిలో పార పట్టుకుంది.

"ఆ మట్టి ఎవరిది?"

కూలీ మా ఆయన వైపు చూశాడు. మా ఆయన తొట్టి వైపు చూశాడు.

"కేంద్రానిదమ్మా," అన్నాడు నెమ్మదిగా.

"కేంద్రం దాన్ని ఎక్కడినుంచి తెచ్చిందిరా? ఇంటి దగ్గరనుంచి మూట కట్టుకొచ్చిందా? చేను కౌలుకిచ్చాను గానీ మట్టి అమ్మలేదు."

గొడవ విని మట్టి డాక్టరు వచ్చాడు. కొలవడం అయిపోయాక బురదతో తమకు పని లేదనీ, కావాలంటే తీసుకెళ్లమనీ అన్నాడు. ఆ రోజునుంచి ప్రతి వాన తర్వాతా అత్తగారూ నేనూ తట్టలతో ఆ బురద మోసి, ఇంటి వెనక మాకు మిగిలిన చిన్న ముక్కలో పోసేవాళ్లం. మెడలు పట్టేసేవి. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల?" అని మా ఆయన సణిగేవాడు. "తొక్కింది మీ ఆఫీసు, కడిగేది నేను. నీకేం నొప్పి?" అనేదావిడ.

రెండో ఏడు వచ్చేసరికి అడ్డగట్ల దగ్గర నీళ్లు ఆగాయి. గట్ల వెనక తేమ నిలిచి, రెండో చెక్క జొన్న మొదటిదాని కంటే భుజమెత్తు పైకి లేచింది. అత్తగారు ఆ మాట దాచలేదు. తానే మట్టి డాక్టరు దగ్గరికి వెళ్లి, "నీ మేకలు ఆగాయి నాయనా," అని చెప్పి వచ్చింది. కానీ నాలుగో చెక్క వైపు చూడబుద్ధి అయ్యేది కాదు. నిలువునా చారలు పడి, ఆ చారలు పాయలై, పాయల్లో గులకరాళ్లు పళ్లలాగా బయటపడ్డాయి. ఎర్రమట్టి పోయి కింద తెల్లటి సుద్ద కనిపిస్తోంది.

ఆ ఏడు తొలకరి తర్వాత మట్టి డాక్టరు ఏదో సమావేశానికి వెళ్లాడు. ఒక పొద్దున అత్తగారు ఒడిలో అలసంద గింజలు పోసుకుని బయల్దేరింది. ఎక్కడికని అడిగితే, "నా చేలోకి," అంది. ఆయన తిరిగి వచ్చేసరికి నాలుగో చెక్క అంతటా జంట ఆకులు విచ్చుకుని ఉన్నాయి. కూలీలు పీకడానికి వెళ్లారట గానీ, ఈవిడ కొడవలి ఒళ్లో పెట్టుకుని చెక్క మధ్యలో కూర్చునేసరికి, తమకు వేరే పని గుర్తొచ్చి వెళ్లిపోయారట.

మట్టి డాక్టరు జీపు దిగి, చెక్క అంచున గొంతుక్కూర్చున్నాడు. ఆయనకు కోపం వచ్చిందని చెవులు చూస్తే తెలిసింది, ఎర్రగా కందాయి.

"ఎంత పని చేశావమ్మా! ఈ ఏడు లెక్కంతా పోయింది."

"లెక్క పోతే మళ్లీ వేసుకోవచ్చు. మట్టి పోతే?"

"నా మాట విను. గట్లు వెయ్యండని నేను ఊరూరా తిరిగి చెబుతున్నాను. ఒక్కడు నమ్మడు. నువ్వు నమ్మావా మొదట? నవ్వావు. ఈ చెక్కనీ ఆ చెక్కనీ పక్కపక్కన చూపిస్తేనే నమ్ముతారు. ఈ ఒక్కటి పోతే వెయ్యి చేలు నిలుస్తాయి."

"నవ్విన మాట నిజమే," అంది అత్తగారు. "నమ్మించడానికి ఇంకో దారి లేదన్న మాట కూడా నిజమే కావచ్చు. నాకు తెలీదు. కానీ తిండి పెడితే పిల్లలు బతుకుతారని చెప్పడానికి ఒక పిల్లని మాడ్చి చూపిస్తావా? చూపిస్తే, ఆ పిల్ల మీ ఇంటి పిల్ల అవుతుందా, నా ఇంటి పిల్ల అవుతుందా?"

  ఆయన లేచి, మొక్కల్ని ముట్టుకోకుండానే జీపెక్కి వెళ్లిపోయాడు.

కబురు పట్నం చేరింది. అక్కడినుంచి పెద్ద అధికారి ఆజ్ఞ వచ్చింది: మొక్కలు పీకించాలి, లేకపోతే ఒప్పందం మీరినందుకు కేసు వేస్తామని. అంతటితో ఆగలేదు. కొడుకు ఉద్యోగం సంగతి కూడా ఆలోచించుకోమన్నారు. మా ఆయన ముఖం మాడ్చుకుని ఇంటికి వచ్చాడు. తల్లికి చెప్పలేక నన్ను పట్టుకున్నాడు.

"నువ్వెళ్లి పీకెయ్యి. నిన్నైతే కొట్టదు."

"కొడుతుందని కాదండీ, పీకను."

"ఏం?"

"మొలిచిందాన్ని పీకడానికి నాకు చేతులు రావు."

అప్పటిదాకా ఆయన మాటకు నేను ఎదురు చెప్పింది లేదు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఇద్దరూ ఒకటయ్యారన్నమాట!" అన్నాడు. లోకంలో అత్తాకోడళ్లు కొట్టుకుంటే మగవాళ్లకు తలనొప్పి అంటారు. మా ఇంట్లో కలిసినందుకు వచ్చింది. నేను చీపురు మూల పెట్టి, చేలోకి వెళ్లి అత్తగారి పక్కన కూర్చున్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "అమ్మాయ్, మొక్కల మీద కూర్చుంటావా ఏంటి? ఇటు జరుగు," అంది. అంతకు మించి మెచ్చుకోలేదు.

తగువు చూడ్డానికి చుట్టుపక్కల రైతులంతా వచ్చారు. మట్టి డాక్టరు ఏడాదిగా పిలిచినా రానివాళ్లు. కాసేపు మమ్మల్ని చూశారు. తర్వాత ఊసుపోక తొట్లలోకి తొంగి చూశారు. నాలుగో తొట్టి చూసి ఒకతను, "ఇదంతా ఒక్క వానకేనా?" అని అడిగాడు. మట్టి డాక్టరు తగువు మరిచిపోయి చెప్పడం మొదలుపెట్టాడు.

పెద్ద అధికారి స్వయంగా వచ్చాడు. నిగనిగలాడే బూట్లు వేసుకుని వచ్చి, చెక్క అంచున ఆగిపోయాడు.

"మీరు చదువుకోలేదు కాబట్టి మీకు అర్థం కావడం లేదు. ఇది దేశం కోసం," అన్నాడు.

"అర్థం కాక కాదయ్యా, అర్థమై కూర్చున్నాను. నేలను కాపాడే ఆఫీసే నేలను పారేస్తుంటే కంచే చేను మేసినట్టు కాదూ? మీకు ఒక బోడి చెక్క కావాలి, అంతేగా? మీ అతిథి బంగళా ముందు పచ్చిక ఉంది. అదీ ఇదే గుట్ట వాలు, ఇదే ఎర్రమట్టి. దాన్ని చెక్కించండి. వచ్చిన పెద్దమనుషులు కుర్చీలు వేసుకుని మరీ చూడొచ్చు."

రైతుల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు అందరికీ పాకింది. పెద్ద అధికారి నవ్వలేదు. మట్టి డాక్టరు మాత్రం వెనక్కి తిరిగి బంగళా వైపు చాలాసేపు చూశాడు. నవ్వులాటకు కాదు, వాలు ఎంతుందా అని.

కేసు వేస్తామని బెదిరించి పెద్దాయన వెళ్లిపోయాడు. వారం తిరక్కుండా మట్టి డాక్టరు పార పుచ్చుకుని, బంగళా ముందు పచ్చికలో తనే మొదటి వేటు వేశాడు. ఎవర్నీ అడగలేదు. అడిగితే వద్దంటారని ఆయనకు తెలుసు. దాని కింద కొత్త తొట్టి కట్టించాడు. కాగితాల మీద మా చెక్కను ఎత్తేసి, ఆ ఏడాది లెక్కను పోయినట్టే రాసుకున్నాడు. ఆ పనికి ఆయనకు పై నుంచి గట్టిగా చీవాట్లు పడ్డాయి. రావాల్సిన పదోన్నతి చాలా ఏళ్లు రాలేదు. కేసు మాత్రం ఎవరూ వెయ్యలేదు. బంగళా పచ్చిక గురించి కోర్టులో చెప్పుకోవడం ఎవరికి బాగుంటుంది?

మా ఆయన ఉద్యోగం నిలిచింది గానీ, త్రాసు గదినుంచి తీసి పంపు షెడ్డులో వేశారు. తల్లి మీద అలిగి ఆ పంటకాలమంతా ఆవిడతో మాట్లాడలేదు. ఆవిడ బతిమాలలేదు. వేళకు అన్నం మాత్రం షెడ్డుకు తనే మోసుకెళ్లి గడప మీద పెట్టి వచ్చేది. ఒకరోజు ఆయన గిన్నె తిరిగిస్తూ, "ఉప్పు తక్కువైంది," అన్నాడు. "నీ నోరు పోలేదన్నమాట," అంది ఆవిడ. అలా కలిశారు.

నాలుగో చెక్క తేరుకోవడానికి చాలా కాలం పట్టింది. అలసందల తీగలు నేలంతా కప్పేస్తే, ఆ ఆకునే అందులో దున్నేవాళ్లం. ఆ తర్వాత గడ్డి, ఆ తర్వాత అడ్డగట్లు. ఇప్పటికీ అక్కడ జొన్న పక్క చెక్క జొన్నంత ఎత్తు పెరగదు. పోయింది పోయిందే. పై చేలవాళ్లు ఒకరి తర్వాత ఒకరు గట్లు వేసుకున్నారు. దానికి తొట్లు కారణమా, తగువు కారణమా అని ఎవరైనా అడిగితే, "ఆకలి కారణం," అని అత్తగారు కసిరేది.

మట్టి డాక్టరుకు బదిలీ అయినప్పుడు చెప్పి పోదామని ఇంటికి వచ్చాడు. అరుగు మీద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాం. తాగి, చెంబు కింద పెట్టి అన్నాడు:

"అమ్మా, నేనైతే ఇప్పటికీ అంటాను. ఆ చెక్క బోడిగానే ఉండాల్సింది. లెక్కలో ఆ ఏడాది ఖాళీ చూస్తే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది."

"నేనూ ఇప్పటికీ అంటాను నాయనా. మళ్లీ బోడి చేస్తే మళ్లీ విత్తుతాను."

"నా మీద కోపం పోలేదా?"

"కోపమెందుకు? నువ్వు మంచివాడివి. పోట్లాడితే వినే మనిషి దొరకడమే కష్టం. అందుకే నీతో అంత పోట్లాడాను."

ఆయన నవ్వి లేచాడు. జీపు దాకా వెళ్లాక ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, వాగు ఒడ్డున గడ్డి నాటితే అటువైపు కోత ఆగుతుందని చెప్పబోయాడు. "నాటాలో వద్దో నేను చూసుకుంటాలే, నీ దారిన నువ్వెళ్లు," అని అత్తగారు కసిరింది. జీపు వీధి మలుపు తిరగగానే కత్తి తీసుకుని గడ్డి దుబ్బుల కోసం గుట్ట వైపు బయల్దేరింది. నన్నూ రమ్మంది.